పీచు గీతలు

"అంట్లు తోముకునేదానివి, కారు తోమడం నీకో లెక్కేంటే?" అన్నారు మా ఆయన, పేపరు మీంచి తల ఎత్తకుండానే. కొత్త కారు మీద పసుపు ఎండి అట్ట కట్టింది, దాన్ని ఎలా తీయాలో తెలియక భయంగా ఉందని నేనన్నదానికి ఆయనిచ్చిన జవాబు అది.

నాకు భయాలు ఎక్కువ. అందరూ అంటారు, నిజమే. మా అమ్మాయి భవాని కారు కొంటానన్న రోజు నుంచి నాకు కలలో కూడా ఎదుర్లంక వంతెన మీద లారీలే. కొబ్బరిచెట్టు కింద పెడితే కాయ పడుతుందని, వీధిలో పెడితే ఎవరో గీకుతారని, ఏటిగాలికి తుప్పు పడుతుందని. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని దానికి. తెల్లారకముందే సీసాలు పట్టుకుని చెరువు చెరువుకీ స్కూటీ మీద తిరిగేది. వానల్లో గట్టు మీద జారి రెండుసార్లు పడింది. రెండోసారి మోచేతికి కట్టుతో వచ్చి, "ఇంక కారు కొనేస్తానమ్మా" అంది. కొనేసింది, తన జీతం మీద. ముదురు నీలం రంగు. వచ్చిన రోజు దాని తలుపులో నా మొహం కనిపించింది. ఇన్నేళ్ళూ నా మొహం నేను ఎక్కువగా చూసుకున్నది తోమిన గిన్నెల్లోనే. అందులో వంకరగా ఉంటుంది. ఇందులో తిన్నగా ఉంది.

పూజ మా ఆడపడుచు రమణమ్మ వదిన ఫరంపేట నుంచి వచ్చి దగ్గరుండి చేయించింది. బానెట్ మీద అరచేయంత స్వస్తిక్, పసుపు ముద్దతో. దాని మీద కుంకుమ, ఆ పైన గంధం. "కాస్త పల్చగా పెట్టండి వదినా, కొత్త రంగు" అనబోయాను. "దేవుడి దగ్గర కూడా పిసినారితనమేనా?" అంది. మూడు రోజుల ఎండకి అది గోడకి కొట్టిన పిడకలా బిగుసుకుపోయింది.

భవాని ఆ రోజు ల్యాబు వాళ్ళ జీపులో కాకినాడ వెళ్ళింది. వచ్చాక అడిగి చేద్దామనుకున్నదాన్నే. కానీ ఆయన ఆ మాటన్నాక అడగడం చిన్నతనమనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా ఇత్తడి కుందులు తోముతున్నాను, పసుపు మరక నాకు కొత్తా? చింతపండు నానబెట్టాను. కొబ్బరి పీచు ఉండ చేశాను. అమ్మాయి వచ్చి చూసి మురిసిపోవాలనుకుంటూ చేయి నొప్పెట్టేదాకా తోమాను. తడిగా ఉన్నంతసేపూ అద్దమే. ఆరాక చూస్తే బానెట్ నిండా సాలెగూడు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, సన్నటి తెల్లటి గీతలు.

ఎవరికీ చెప్పలేదు. భవాని చీకటితోనే వెళ్ళి సందెవేళకి వచ్చేది, చెరువు గట్ల దుమ్ములో దానికి కనిపించలేదు. రాగానే నేను కవరు కప్పేసేదాన్ని.

ఆదివారం ఎండ నడినెత్తిన ఉండగా వదిన వచ్చి గుడికి కార్లో తీసుకెళ్ళమంది. ఆయన కవరు లాగారు.

"ఏంటిది? ఏ తుప్పల్లో తోలేవే దీన్ని?"

భవాని వచ్చి వంగి చూసింది.

"నేను ముందే చెప్పలేదా తమ్ముడూ," అంది వదిన. "ఆడపిల్ల చేతికి కారిస్తే ఇంతే. తాళం సందీప్‌కి ఇప్పించు. మగపిల్లాడు, వాడే దింపుతాడు, వాడే తెస్తాడు."

ఆయన తాళం కోసం చేయి చాచారు. సందీప్ మా పెద్దాడు, భవానికి అన్న. ఎనిమిది దాటితే గానీ లేవడు. భవాని వెళ్ళాల్సింది నాలుగున్నరకి. వాడు లేచేసరికి చెరువుల పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

భవాని వేలు ఆ గీతల మీద తిరుగుతోంది. "గట్టు మీద తుమ్మకొమ్మ తగిలిందేమో నాన్నా... చూసుకోనిది నేనేనేమో" అంది.

ఆ 'నేనేనేమో' నాకు తెలుసు. అది నా మాట. పప్పులో ఉప్పెక్కువైతే నేనేనేమో, ఆయన కళ్ళజోడు కనపడకపోతే తీసి ఎక్కడో పెట్టింది నేనేనేమో, పిల్లలకి జ్వరమొస్తే నా చేతి తిండేనేమో. ఎవరైనా గొంతు పెంచి అడిగితే చాలు, చేయని తప్పు కూడా చేసినట్టే గుర్తొచ్చేది నాకు. పాలతో పాటు అదీ పట్టేసినట్టున్నాను దీనికి. చదువుకుంది, నీళ్ళలో ఉప్పెంతో సీసా చూసి చెప్పగలదు, ఆ చేత్తోనే ఇప్పుడు తాళం తీసి ఇచ్చేయబోతోంది. రాబోయేవాటికి భయపడడమే నాకు తెలుసు ఇన్నాళ్ళూ. కళ్ళముందు జరిగిపోతున్నదాన్ని చూసి భయపడడం అదే మొదలు.

"గీతలు నావి," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నేనే తోమాను. పీచుతో."

"పీచుతోనా!" ఆయన గొంతు వీధి చివరికి వినిపించి ఉంటుంది. "బుద్ధుందా? కారనుకున్నావా, కాగనుకున్నావా?"

భవాని నన్నే చూస్తోంది. "చింతపండు కూడా వేశావా అమ్మా?"

"వేశాను. కొంచెం."

అది నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

"ఇంకెప్పుడైనా దాన్ని ముట్టుకున్నావంటే చూడు," అన్నారాయన.

"ముట్టుకుంటాను," అన్నాను. "నేర్చుకుని ముట్టుకుంటాను. తాళం మాత్రం అమ్మాయి దగ్గరే ఉంటుంది. దాని తప్పేం లేదు."

"ఓయబ్బో!" అంది వదిన. ఆయన చాచిన చేయి కాసేపు అలాగే ఉండి, భుజం మీది తువ్వాలు సర్దుకోవడానికి వెళ్ళింది.

కాకినాడలో పాలిష్ పట్టిస్తే గీతలు చాలావరకు పోయాయి. ఒక్కటి మిగిలింది, ముందద్దం కింద. కారు కడగడం భవాని నాకు నేర్పింది. ఎండలో కడగకూడదట. ముందు ఉత్తి నీళ్ళు పోసి ఇసుక జార్చాలట. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. కాకి రెట్ట ఎండిపోతే గీకకుండా తడిగుడ్డ వేసి నాననివ్వాలి. సముద్రం దగ్గరి దరియాలతిప్ప వైపు వెళ్ళొచ్చిన రోజు ఉప్పుగాలి ఉంచకుండా కడిగెయ్యాలి, నెలకోసారి మైనం పట్టించాలి. అన్నీ వచ్చేశాయి. ముప్ఫై ఏళ్ళు తోమిన చేతికి బలం తగ్గించడమే కష్టమైంది. "నొక్కకమ్మా, నిమురు" అనేది. ఇప్పుడు పక్కింటి తెరేసా గోడ మీంచి పిలుస్తుంది, "అక్కా, మా ఆయన కారు మీద తారు పడింది, ఏం చేయమంటావ్?" అని. భవాని వంతెన ఎక్కిందంటే నాకు ఇప్పటికీ లారీలే కనిపిస్తాయి. కానీ పొద్దున్నే దాని చేతికి తాళం ఇచ్చేది నేనే.

మొన్న వదిన వచ్చినప్పుడు, ఆవిడ ముందే, ఆయన భుజం మీది తువ్వాలు తీసి బానెట్ మీద దుమ్ము దులపబోయారు.

"ఆగండి," అన్నాను. "పొడిగుడ్డ పెట్టకండి, ఇసుకుంటుంది. గీతలు పడతాయి."

ఆయన ఆగారు. "మరెలాగే?" అన్నారు.

పెళ్ళయ్యాక ఏ పనైనా ఎలా చేయాలని ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. నేను లోపలికెళ్ళి రెండు బకెట్లూ తెచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చాను.