పయనం చీర

మే నెలలో లోకమంతా చెమటను తిట్టుకుంటుంది. కృపమణికి మాత్రం ఎదురింటి పిల్లల ముక్కుల మీద చెమట బొట్లు చూస్తే కన్నుకుట్టేది. దేవుడు అందరికీ ధారాళంగా ఇచ్చి, తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబట్టాడు. నాలుగేళ్ల హర్షిణికి చెమట పట్టదు. పుట్టుకతోనే అంత.

"ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదమ్మా ఈ పిల్లకి," అని కడప డాక్టరమ్మ చెప్పింది. "పల్చటి నూలు గుడ్డ తడిపి తొడుగు. ఆరితే మళ్లీ తడుపు. ఆ తడే దీనికి చెమట అనుకో." మందేమీ లేదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

కమలాపురం దగ్గరి ఆ పల్లెలో కృపమణి టైలరు. ఊళ్లో ఎవరు గుడ్డ కొన్నా ముందు ఆమెకు చూపించాల్సిందే. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తుంది. కాగితంలా కాలి బూడిదైతే నూలు. కరిగి నల్లటి ఉండ కడితే కల్తీ. "నిన్ను బాగా ముంచినాడు పో," అని ఎందరి మొహాన చెప్పిందో లెక్కలేదు. అట్లాంటి మనిషి సొంత బిడ్డ గుడ్డ దగ్గర పోగు కాల్చలేదు. అంగట్లో హర్షిణి ఆ ఆకాశం రంగు గుడ్డను చెంపకు ఆనించుకుని వదలనంది. అచ్చమైన నూలేనన్నాడు అంగడాయన. బిడ్డ ముచ్చట చూసి తల్లి మురిసిపోయింది, నమ్మేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి గౌను తయారైంది. చేతుల్లేకుండా, మెడ వెడల్పుగా, కింద గాలి ఆడేటట్టు కుట్టింది. పిల్లకు తొడిగి చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు గుడ్డలోకి ఇంకలేదు. పైపైనే జారి నేల మీద పడ్డాయి. అప్పుడు వెతుక్కుంది అగ్గిపెట్టె. పోగు చుర్రున కరిగి నల్లటి ఉండ కట్టింది. కృపమణి తన చెంప తానే వాయించుకుంది.

అంతలో కరెంటు పోయింది. కూలరు ఆగింది. ఇంటి పైన రేకులు, బయట వడగాలి. హర్షిణి ముఖం మెల్లగా ఎర్రబడుతోంది.

తడి తువ్వాలు కప్పితే బరువని విసిరికొడుతుంది పిల్ల. ఒట్టి ఒంటి మీద పోసిన నీళ్లు నిలవకుండా జారిపోతాయి. ఆటోలో కడపకు తీసుకుపోదామంటే, పోయిన ఎండాకాలం అట్లా తీసుకుపోతుంటేనే దార్లో ఫిట్సు వచ్చింది. మధ్యాహ్నం పూట బయటికి తేవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. భర్త యేసుప్రసాద్ మంగంపేట గనుల్లో ఉన్నాడు, ఆదివారం గానీ రాడు. ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. గనిలో మిషన్ల మోతకు ఏం వినబడుతుంది?

ఇంట్లో పల్చటి పాత నూలు గుడ్డ ఒక్కటైనా లేదు. పిల్ల నిరుటి గౌన్లు తడిసి తడిసి చీకిపోయాయి. కట్టే చీరలన్నీ సిల్కూ నైలానే. ఉన్న పాతవి ఏనాడో బొంతలకూ ఉయ్యాలకూ పోయాయి. ఆ మాట అనుకుంటూనే కృపమణి కళ్లు మూలనున్న ఇనుప పెట్టె మీద పడ్డాయి. వెంటనే తిప్పేసుకుంది. మళ్లీ అక్కడికే పోయాయి.

అది అత్త విశ్వాసమ్మ పెట్టె. అందులో ఆమె పెళ్లినాటి తెల్లచీర ఉంది. మాధవరం మగ్గం మీద నేసిన సన్న నూలు. ఏసయ్య గుడిలో ఆ చీర కట్టుకునే ఆమె పెళ్లి ప్రమాణం చేసింది. మళ్లీ దాన్ని కట్టుకునేది శవపెట్టెలో పడుకున్న రోజే. వాళ్ల క్రైస్తవుల్లో పెద్ద ఆడవాళ్లు చాలామంది అంతే, తెల్లచీరను దాచుకునేది ఆ పయనానికే. ఏటా ఈస్టరు పండగ కాగానే విశ్వాసమ్మ దాన్ని తీసి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే ఉతికి, నీడన ఆరేసి, వేపాకు మధ్య పెట్టి తాళం వేసేది. "నేను పోయినపొద్దు దీన్నే కట్టాల. కొడుక్కు చెప్పలా, నీకే చెప్తాండా," అనేది. కృపమణి ఏటా "సరే అత్తా" అంటూనే వచ్చింది.

అడుగుదామంటే ఆమె గుళ్లో ఉంది. మనవరాలి కోసమే పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చుంది. కృపమణి ఫోను చేసింది. గూట్లోంచి ఆ ఫోనే మోగింది. పోయి పిలుచుకొద్దామంటే పిల్లను వదిలి గడప దాటేదెట్లా? ఎదురింటికి తాళం వేసుంది.

"అమ్మా, మంట," అంది హర్షిణి. ఆ తర్వాత ఆ మాట కూడా అనలేదు. కళ్లు అరమూతలు పడ్డాయి. పొట్ట మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది.

కృపమణి రోలు దగ్గరి గుండ్రాయి తెచ్చి తాళం మీద కొట్టింది. తాళం ఊడలేదు, దాన్ని పట్టుకున్న కొండీ ఊడింది. చీర మడతలోంచి ఎండిన వేపాకు రాలింది. ఇన్నేళ్లు ఉతికి ఉతికి అది చంటిపిల్ల చెవితమ్మెలా మెత్తబడి ఉంది. ఈసారి మాత్రం పోగు లాగి కాల్చింది. బూడిదైంది. ఊదితే ఎగిరిపోయింది.

మడత మీద కత్తెర పెట్టింది. "తండ్రీ, క్షమించు," అని పైకే అని, కస్సున కోసింది.

మిషన్ ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది, కరెంటు లేదు. పోయినేడాది గొప్పగా మోటారు పెట్టించి, కాలితో తొక్కే బల్లనూ బెల్టునూ పాత ఇనుము వాడికిచ్చేసింది. ఆ రోజునూ తన సుఖాన్నీ తిట్టుకుంటూ చేతి సూది అందుకుంది. దారం సూది బెజ్జంలో దూరలేదు. నోట తడిపి మళ్లీ ఎక్కించింది. ఒక పక్క పెద్ద పెద్ద టాకాలు వేసింది. రెండో పక్కకు ఓపిక పట్టలేక భుజం దగ్గర ముడేసింది. అంచులు మడవలేదు, గుండీ లేదు. జన్మలో అంత అధ్వానంగా ఏ గుడ్డా కుట్టలేదు.

ఆకాశం రంగు గౌను పీకేసి ఆ తెల్లదాన్ని తొడిగి, కుండలో నీళ్లు పోసింది. గుడ్డ గటగటా తాగేసింది. ఒంటికి అంటుకుపోయింది. అట్టముక్క తీసుకుని విసరసాగింది. ఆరితే నీళ్లు, మళ్లీ విసురు. "కళ్లు తెరువు నా తల్లీ, ఒక్కసారి తెరువు," అని ఏడుస్తూ విసిరింది.

విశ్వాసమ్మ వచ్చేసరికి పెట్టె నోరు తెరుచుకుని ఉంది. ఆమె పెట్టెను చూసింది, నేల మీది తెల్లటి పీలికలను చూసింది, మనవరాలిని చూసింది.

"ఏం పని చేసినావు మే! నా పయనం గుడ్డ బతికుండే బిడ్డకు తొడిగినావా? సావును పిలిచి ఒళ్లో కూర్చోబెడ్తాండావా?" అని గౌను మీద చెయ్యేసి లాగబోయింది.

కృపమణి ఆ చెయ్యి పట్టుకుంది. అత్త చెయ్యి ఆమె ఎన్నడూ అట్లా పట్టుకోలేదు. "పీకేద్దువు గానీ అత్తా. ముందు బిడ్డను తాకి చూడు. తాకినాక నీ ఇష్టం."

ముసలామె వేళ్లు తడి గుడ్డ కింద పిల్ల పొట్టను తాకాయి. అక్కడే నిలిచిపోయాయి. పొద్దున కూలరు గాలిలో ఉన్నప్పుడే, గుడికి పోతూ ముద్దు పెడితే ఆ ఒళ్లు వెచ్చగా తగిలింది. ఇప్పుడు చల్లగా ఉంది. హర్షిణి కళ్లు తెరిచింది.

"అవ్వా," అంది.

విశ్వాసమ్మ కూలబడింది. కోపం పోలేదు, దుఃఖం వచ్చింది. "మీ మామ మాధవరానికి నడిచిపోయి తెచ్చినాడు మే ఆ చీర. సమాధుల్లోంచి లేపే దినాన నేనేం కట్టుకోని లేసేది? ఆయప్ప నన్నెట్లా గుర్తుపట్టేది?"

కృపమణి విసరడం ఆపలేదు. పిల్ల భుజం మీద అప్పుడే తెల్లగా ఆరిపోతున్న గుడ్డనే చూస్తోంది. చెంబు అందుకుంది. కుండలో నీళ్లు అడుగంటాయి. వడగాలి తలుపు కొడుతూనే ఉంది.

"శానా బిరీన ఆరిపోతాండాది అత్తా," అంది. "ఒక్కటే ఉంటే చాలదు."

విశ్వాసమ్మ అడుగంటిన కుండ వైపు చూసింది. తర్వాత పెట్టెలో మిగిలిన చీరను ఒళ్లోకి లాక్కుంది. పమిట కొంగు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఒకసారి ముఖానికి అద్దుకుని, అంచు పంటి కింద పెట్టి కొరికింది. రెండు చేతులా పట్టి బర్రున చించింది.

"నన్ను గోనెపట్టాలో చుట్టినా ఆయప్ప గుర్తుపడతాడులే," అంటూ ఆ ముక్కను కోడలి మీదికి విసిరింది. "కుట్టు మే. రోహిణి కార్తె ఇంగా ముందుండాది."