పక్క చాప

పొద్దున్న ఆరున్నరకి నర్సింగ్ హాస్టల్ పైఅంతస్తు హాల్లో ఇరవై నిమిషాలు ధ్యానం. పరీక్షల దిగులుతో ఇద్దరమ్మాయిలు వార్డులోనే కళ్ళు తిరిగి పడిపోయాక ట్యూటరమ్మ దీన్ని మొదలుపెట్టింది. "ఊపిరి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. దాన్ని చూస్తూ కూర్చోండి, ఇంకేం చెయ్యకండి," అనేది.

ముప్పైమంది అమ్మాయిలకి అరవై చాపలు పరిచేవారు. కాస్త కుదురుగా కూర్చున్నవాళ్ళ పక్కకి, ఆ సమయంలో వాళ్ళని తలుచుకుంటున్న మనిషి వచ్చి కూర్చోవడం మామూలే మరి. ఒకమ్మాయి తల్లి చేతికి పిండి అంటుకునే వచ్చేది. ఇంకొకమ్మాయి తాతయ్య కూర్చున్న కాసేపటికే గుర్రుపెట్టేవాడు. గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. "రేపట్నించి తాతయ్యకి దిండు కూడా వెయ్యవే," అని నవ్వుకుంటూ అమ్మాయిలు డ్యూటీకి పరిగెత్తేవారు.

రెండో సంవత్సరం చదివే పిచ్చుక పక్కన చాప మాత్రం ఏడాదిగా ఖాళీ. మనిషి పిడికెడంత ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆమెకి ఐదేళ్ళప్పుడు తల్లి పని వెతుక్కుంటూ ఊరు దాటి వెళ్ళింది, మళ్ళీ కబురు లేదు. పెంచింది పిన్ని. పిన్నికి తెల్లారితే తన నలుగురు పిల్లలతోనే సరిపోయేది.

"అమ్మ ఎందుకు రాదు మేడమ్? రోజూ పిలుస్తూనే ఉన్నాగా," అని ఒకరోజు అడిగింది పిచ్చుక.

ట్యూటరమ్మకి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మనం పిలిస్తే రారమ్మా. వాళ్ళు తలుచుకోవాలి."

ఆ మాట ముల్లులా దిగింది. సూది పట్టుకుంటే చెయ్యి వణకడం ఎక్కువైంది. మహిళల వార్డు పదకొండో బెడ్ మీద, తుంటి ఆపరేషన్ అయిన టైలరు మామ్మకి మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. "పోన్లే తల్లీ, మొదట్లో నేను ఎన్ని గుడ్డలు పాడుచేశానో," అంది మామ్మ. ఆ ఓదార్పుకి ఇంకా సిగ్గేసింది. మర్నాడు పదింటికి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి, చదువు మానేస్తానని చెప్పెయ్యాలనుకుంది.

మర్నాడు పొద్దున్న, కళ్ళు మూసుకున్న కాసేపటికి పక్క చాప మీద ఎవరో కూర్చున్న చప్పుడైంది.

పిచ్చుక కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎక్కడ వెళ్ళిపోతుందోనని భయం. 'వచ్చావా అమ్మా,' అనుకుంది లోపల్లోపలే. పద్నాలుగేళ్ళుగా అడగాలనుకున్నవన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆ ఊపిరి వింటూ కూర్చుంది. వార్డులో అలవాటైన పని కాబట్టి లెక్కపెట్టింది కూడా. నిమిషానికి ముప్పై ఆరు, ఉండాల్సినదానికి రెట్టింపు. ప్రతి ఊపిరి చివరా సన్నటి గరగర.

కళ్ళు తెరిచి చూస్తే టైలరు మామ్మ. ఆస్పత్రి గౌనులో ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఒక్క క్షణం పిచ్చుకకి మామ్మ మీద పట్టరాని కోపమొచ్చింది, అమ్మ కానందుకు. ఆ తర్వాత లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, పక్కనే ఉన్న ఆస్పత్రికి పరుగు తీసింది.

వార్డులో డ్యూటీ సిస్టర్ ఆ చివర్న మందులిస్తోంది.

"సిస్టర్, పదకొండో బెడ్! ఊపిరి ముప్పై ఆరు!"

ఎలా తెలిసిందని సిస్టర్ అడగలేదు. మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ మాస్కు పెట్టింది. డాక్టరు పరిగెత్తుకొచ్చి చూసి, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినట్టుందన్నాడు. మందు ఎక్కించాలంటే మామ్మ చేతికున్న సూది ఊడిపోయి ఉంది.

"రెండో చేతికి నువ్వు పెట్టు," అంది సిస్టర్, మాస్కు వదలకుండా.

పిచ్చుక చెయ్యి వణికింది. వణుకుతూనే పెట్టింది. నరం దొరికింది.

పది ఎప్పుడు దాటిందో ఆమె చూసుకోలేదు.

మూడోరోజుకి మామ్మ లేచి కూర్చుంది.

"ఆవేళ నా దగ్గరికే ఎందుకొచ్చావు మామ్మా?" అడిగింది పిచ్చుక.

"ఊపిరాడక భయమేసింది. మా అమ్మాయిని తలుచుకుందామంటే మొహం గుర్తు రాలేదు. దూరమై ఇరవయ్యేళ్ళాయె. నీ మొహమొచ్చింది."

"గుర్తు రాలేదంటే మర్చిపోయినట్టేనా?"

"కాదే పిచ్చిదానా. ఎక్కువ తలుచుకున్న మొహమే అరిగిపోతుంది."

పిచ్చుక తల దించుకుంది. "మా అమ్మ ఒక్కరోజూ రాలేదు మామ్మా."

"నువ్వు ఆవిణ్ణి తలుచుకుంటున్నావుగా? అయితే రోజూ నువ్వే వెళ్తున్నావేమో. ఆవిడ ఒక్క నిమిషం కుదురుగా కూర్చుంటే కదా, పక్కన నువ్వున్నట్టు తెలిసేది!"

పిచ్చుక చదువు పూర్తిచేసి ఆ వార్డులోనే నర్సుగా చేరింది. తల్లి రానేలేదు. ఇప్పుడు పొద్దున్నే కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె ఎవరి అడుగుల కోసమూ చెవులు రిక్కించదు. తనే బయల్దేరుతుంది. పేరు తెలియని ఏ ఊళ్ళోనో, ఎవరింటి వంటగదిలోనో, పని మధ్యలో ఒక ఆడమనిషి నడుం పట్టుకుని చతికిలబడే ఆ ఒక్క నిమిషం కోసం ఓపిగ్గా చూస్తూ ఉంటుంది.