తలవాటా

లేస్తుంది… పడుతుంది.

కాళిముత్తు తలకు ఎడమపక్క, చెవికి పైన, అరచెయ్యంత గుంట. అక్కడ ఎముక లేదు. ఉత్త చర్మం, దాని కింద మెదడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చర్మం లేస్తుంది, పడుతుంది.

గురువమ్మాళ్ మొగుడి ముఖం చూడటం మానేసింది. గుంటనే చూస్తుంది.

తమ్ముడి పేరు వినబడితే చాలు — గుంట ఉబ్బుతుంది.

నిరుడు ఆడి నెల… అరవల ఆషాఢం. కోవిల్‌పట్టి పొలిమేరలో కులదేవతకు పొట్టేలును కోశారు. నల్లరేగడి నెత్తురు తాగింది. పొట్టేలు తల ఇంటికి పెద్దవాడిది… తాతల నాటి మర్యాద. కాళిముత్తు చెయ్యి చాచాడు.

"దీన్ని సాకింది నేను. తల నాకు," అన్నాడు తమ్ముడు సంగిలి.

"సాకితే? పెద్దోడు నేను ఉండాను గదరా!"

చెరో కొమ్ము పట్టి లాగారు. నెత్తురు చొక్కాల మీద చిందింది. అందరూ చూస్తుండగా అన్న తమ్ముడి చెంప పగలగొట్టాడు. తమ్ముడు పొయ్యి దగ్గరి దుంగ అందుకున్నాడు.

ఒక దెబ్బ.

వేరుశనగ మిఠాయి అచ్చు విరిగిన చప్పుడు. రోజూ ఆ మిఠాయి చేసే గురువమ్మాళ్‌కు తెలియని చప్పుడా?

రెండో దెబ్బ. మూడోది.

నల్లరేగడి మళ్లీ తాగింది. దానికి ఏ నెత్తురైనా ఒకటే.

విరుదునగర్‌లో డాక్టర్లు నుజ్జయిన ఎముకలు ఏరి తీశారు. వాచిన మెదడుకు చోటు వదిలి చర్మం కుట్టారు. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. ఈలోగా కింద పడితే ప్రాణం పోతుందన్నారు.

సంగిలి బెయిలు మీద వచ్చాడు. ఎదురింట్లోనే ఉన్నాడు.

కాళిముత్తు గడపలో కూర్చుని కొడవలి నూరేవాడు. సర్ర్… సర్ర్…

"నా తల గట్టి పడనీవే. వాని తల తీస్తాను, చూడు."

గుంట పూడకపోతే మొగుడు దక్కడు. పూడితే మరిది దక్కడు. తల్లి లేని ఆ మరిదికి ఎనిమిదో ఏట నుంచీ ముద్దలు కలిపి పెట్టింది ఈ చేతులతోనే. కడుపు మండిపోయింది ఆమెకు. ఇద్దరి మీదా.

ఏడు నెలలకు, మాసిలో మళ్లీ విరుదునగర్. డాక్టర్ అరవంలో వివరంగా చెప్పాడు. ఎముకకు బదులు పొడిలో మందు కలిపి పిసుకుతారట. మెత్తగా ఉండగానే గుంటకు సరిపోయేట్టు అదుముతారట. కాగిపోతూ రాయవుతుందట.

బెల్లప్పాకం సంగతి గురువమ్మాళ్‌కు ఒకరు చెప్పాలా? ఒకసారి బిగిశాక ఇక వంగదు.

"మెత్తంగా ఎంతసేపు ఉంటాది సార్?"

"కొన్ని నిమిషాలేనమ్మా."

కాగితం ముందుకు జరిపాడు. వద్దు అనాలనిపించింది. నోటిదాకా వచ్చింది…

సంతకం పెట్టింది.

మళ్లీ ఆడి. మళ్లీ పొట్టేలు. నేల నోళ్లు తెరుచుకుని ఉంది.

కాళిముత్తు తలకు పోసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, కొడవలి నడుముకు దోపుకున్నాడు.

"పొట్టేలు కొయ్యాల గదా," అన్నాడు.

గురువమ్మాళ్ గడపకు అడ్డం నిలబడింది. అతని తల మీద, ఎడమపక్క, చెవికి పైన అరచెయ్యి ఆనించింది.

"సంగిలి కూడా వస్తుండాడంట," అంది. కావాలనే అంది.

కాళిముత్తు నవ్వాడు. "రానీ."

ఆమె అరచెయ్యి గట్టిగా అదిమింది. వెతికింది.

లేవదు… పడదు.