ఐదో నంబరు కంప్యూటర్లో కొల్లేరు

గుణదలలో హనుమయ్యగారి నెట్ సెంటర్ షట్టర్ లేచేసరికే పేరయ్య వల భుజాన వేసుకుని మెట్ల మీద సిద్ధంగా ఉండేవాడు. కూతురు సత్యశ్రీ పనిచేసేది అక్కడే. ఆమె నేల ఊడ్చి, ఐదో నంబరు కంప్యూటర్లో గేమ్ తెరిచి, తెర మీద కొల్లేరు కనబడగానే కీబోర్డు పక్కకు జరిపేది. పేరయ్య పంచె ఎగ్గట్టి, కుడికాలు ముందు పెట్టి, తెరలోంచి నేరుగా పడవలోకి దిగిపోయేవాడు. మధ్యాహ్నానికి కొర్రమీనులతో తిరిగొచ్చేవాడు. ఆయన భార్య దానమ్మ వాటిని బుట్టకెత్తి వీధుల్లో అమ్మేది. కంప్యూటర్ చేపకి ముల్లు కాస్త మెత్తన అని గుణదలలో పేరుపడింది. అందుకని బేరం తగ్గించి అడిగేవాళ్లే గాని, కొనడం మానినవాళ్లు లేరు.

పేరయ్య బందరు దగ్గర సముద్రం మీద బతికినవాడు. తుపానుకు పడవ పోయాక బెజవాడ వచ్చి, ఏ పనీ చేతికి పట్టక ఏళ్ల తరబడి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది ఆ కొల్లేరే.

ఆ కొల్లేరుని తయారుచేసింది గన్నవరంలో ఇంజనీరింగ్ చదివే శరత్‌చంద్ర. గేమ్ చేసిన కంపెనీది పరదేశం, వాళ్లకి కొల్లేరేం తెలుసు? ఇలా ఆడేవాళ్లే సొంతంగా చేసి గేముకి తగిలించుకునేదాన్ని మోడ్ అంటారు. కంపెనీ వదిలేసిన తప్పుల్ని ఆడేవాళ్లే దిద్ది పంచిపెడితే అది ఫిక్స్. చేసేవాళ్లంతా పుణ్యాత్ములే. కాకపోతే ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదు, చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం స్పీకర్లోంచి పేరయ్య గొంతు వినిపించింది.

"అమ్మాయ్, రేవేదే?"

సత్యశ్రీ తెరకేసి చూసింది. రేవు లేదు, దాని మీది తుమ్మచెట్లూ లేవు. కనుచూపు మేర నీళ్లే. పడవలోకి దిగడం తేలికే గాని, ఊగే పడవ మీంచి గుణదలలోకి ఎక్కిరావడం ఎవరి తరమూ కాదు. కాలికింద గట్టి నేల ఉండాలి.

"నిన్న సాయంత్రం ఫిక్స్ ఎక్కించానమ్మా," అని నసిగారు హనుమయ్యగారు. "గట్టు మీద నడుస్తుంటే నేలలోకి కూరుకుపోతున్నామని పిల్లలు ఒకటే గోల. తీసేద్దామా?"

"మధ్యలో పీకితే పొద్దుటి ఆట ఇక తెరుచుకోదండీ. నాన్న ఆ ఆటలోనే ఉన్నాడు. మోడ్ తీసేస్తే కొల్లేరే ఉండదు." సత్యశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "రెండూ ఉండాలి. రెంటికీ పొత్తు కుదిరేదాకా నేనిక్కణ్ణుంచి లేవను."

గన్నవరానికి ఫోన్ చేసింది.

"గేమ్ ఫైళ్లని తేదీల వరసలో చదువుతుందండీ," అన్నాడు శరత్‌చంద్ర. "ఆఖర్న చదివినదాని మాటే చెల్లుతుంది. ఫిక్స్ వచ్చింది జ్యేష్ఠంలో. నా కొల్లేరు ఆషాఢంలో చేశాను. దాని రేవు పోవడానికి వీల్లేదు."

సత్యశ్రీ ఫైలు తేదీ చూసింది. "ఇక్కడ మార్చి అని ఉంది. మీ గన్నవరంలో ఆషాఢం మార్చిలో వస్తుందా అండీ?"

శరత్‌చంద్ర గొంతు తగ్గించాడు.

"ఆషాఢంలో కొత్తపని మంచిది కాదని మా అమ్మ పట్టుబట్టిందండీ. కంప్యూటర్లో తేదీ ఉగాదికి తిప్పి సేవ్ చేశాను."

అదీ సంగతి. దొంగ ముహూర్తాన పుట్టిన కొల్లేరు వరసలో ముందు కూర్చుంది. వెనకొచ్చిన ఫిక్స్, గట్లు బాగుచేస్తున్నాననుకుని, దాని రేవును చెరిపేసింది.

తేదీ మార్చాలంటే గేమ్ మూసి తెరవాలి. హనుమయ్యగారు గోడ మీది క్యాలెండర్ చూశారు. "రాహుకాలమమ్మా, కాస్త ఆగు."

"ఉగాది చేసిన మేలు చాలండీ. ఈ రోజు తేదీయే పడాలి," అంది సత్యశ్రీ. ఆట సేవ్ చేసి, మైకు దగ్గరికి లాక్కుంది. "నాన్నా, పడవలో పడుకో. కాసేపు చీకటి పడుద్ది."

"వానా?"

"కాదు, నేనే."

తెర నల్లబడింది. ఖాళీ బుట్టతో గుమ్మంలో నిలబడ్డ దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సత్యశ్రీ తేదీ మార్చి, మళ్లీ తెరిచింది. నీళ్లు వచ్చాయి. నీళ్ల పక్కన తుమ్మచెట్లు వచ్చాయి, వాటి కింద రేవు వచ్చింది. దూరాన పడవ ఉంది, అందులో పేరయ్య లేచి కూర్చున్నాడు.

"రా నాన్నా, రేవొచ్చింది!"

"ఇందాక లేంది ఇప్పుడుందంటే నమ్మకమేంటే? రేవు వెతుకుతా పడవ తోసీ తోసీ చేతులు కూడా పోయినయ్ అమ్మాయ్. గెడ లేవట్లేదు."

సత్యశ్రీ మౌసుతో చూపును రేవు మీదికి తిప్పింది. చున్నీ నడుముకు బిగించి, కుడికాలు ముందు పెట్టింది. కాలికింద తడిమట్టి చల్లగా తగిలింది. రెండు కాళ్లతో తొక్కి చూసింది. గట్టిగానే ఉంది. అక్కణ్ణుంచి రొమ్ములోతు నీళ్లలో నడిచి వెళ్లి పడవ అంచు పట్టుకుంది.

చిన్నప్పుడు ఒడ్డున ఉన్న పడవను ముట్టుకుందని ఆయనే ఆమె వీపు మోగించాడు. ఆడది ఎక్కిన పడవ తిరిగి రాదని వాళ్లింట్లో మాట. పేరయ్య అరచేతుల తోలు లేచిపోయి ఉంది. అయినా గెడ వదల్లేదు.

"ఎక్కమాకే," అన్నాడు.

"ఇది తిరిగి రావాలంటే నేనెక్కాలి నాన్నా. జరుగు."

పేరయ్య కూతురి మొహం చూశాడు. రేవుకేసి చూశాడు. జరిగాడు.

గెడ మొదట వంకరగా పడింది. పడవ గిర్రున తిరిగింది. "లోతుగా దింపు," అన్నాడాయన, ఎటో చూస్తూ. "ఆఁ. ఇప్పుడు తొయ్యి."

ఆ సాయంత్రం ఇంట్లో దాని ఊసెవరూ ఎత్తలేదు. మర్నాడు దానమ్మ చద్దన్నం రెండు గిన్నెల్లో సర్దింది. నెట్ సెంటర్లో నేల ఊడ్చి కీబోర్డు జరిపే పని హనుమయ్యగారి మీద పడింది. తెర ముందుకొచ్చాక పేరయ్య ఆగి, పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"ముందు నువ్వు దిగమ్మా," అన్నాడు. "పడవ ఊగకుండా పట్టుకో."