విచారణ చేసినవారు

"ఆడోళ్లు ఆడోళ్లకే చెప్తరు. నువ్వు పోయిరా" అని వీరేందర్ అనడం, సగం కాలిన రొట్టెను పెనం మీద నుంచి దించి జమున బయల్దేరడం. మూడేళ్లుగా ఇదే వరస. హైదరాబాద్ కంపెనీల్లో ఉద్యోగానికి ఎంపికైన వాళ్ల గురించి సొంత ఊళ్లో వాకబు చేసి రాసి పంపడం వీరేందర్ పని. కాంట్రాక్టు అతనిది, 'విచారణ చేసినవారు' అన్నచోట సంతకం అతనిది. మానుకోట చుట్టూ తండాలు తిరిగేదీ, వచ్చి కాగితాలు నింపేదీ జమున. నీ పెండ్లాం ఏం చేస్తదని ఎవరైనా అడిగితే మాత్రం "ఏం లేదు, ఇంట్లనే ఉంటది" అనేవాడు మహానుభావుడు. అత్త గంగికి ఆ తిరుగుడూ గిట్టేది కాదు. "ఊర్లు తిరిగొస్తివి గని, గిన్నెలెవలు తోముతరు?" అనేది. అవీ జమునే తోమేది.

ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది. 'మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పి అడిగారా?' దానికి అన్నిట్లోనూ అవునని టిక్కు పెట్టమని వీరేందర్ మొదట్లోనే నేర్పాడు. "చెప్తే ఎవలన్న నోరిప్పుతరా? సంబంధం చూడనీకె వచ్చినట్టు మాట్లాడు. పిల్ల సంగతంతా ఆళ్లే చెప్తరు."

శ్రావణమాసంలో గార్ల దగ్గరి తండాకు అట్లాగే పోయింది. పిల్ల పేరు సంగీత. తల్లి తుల్సీబాయి మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, తమ లంబాడీ భాషలో మొదట అడిగింది గోత్రం. జమున దాచకుండా తన గోత్రం చెప్పింది. రెండు గోత్రాలకూ పెళ్లి కుదురుతుంది. తుల్సీబాయి ముఖం వాడిపోయింది. ఇక ఆగకుండా చెప్పుకుపోయింది: "నా పిల్ల మంచిది కాదు బిడ్డా. ఒకల మాటినదు. తెలంగాణ కోసమని రైలు పట్టాల మీద కూసున్నది, కేసయింది. రెండుసార్లు ఠాణాకు తీస్కపోయిండ్రు." తలుపు చాటున సంగీత జమున వైపే చూస్తూ నిలబడింది.

తల్లి అబద్ధమాడుతోందని జమునకు అక్కడే తెలిసింది. తెలియకేం? ఇంటర్ చదువుతుండగా ఇట్లాగే ఒక ఆడమనిషి వచ్చి కూర్చుంటే, తన తల్లి తనను ఎంత మెచ్చుకుందో గుర్తుంది. రొట్టెలు బాగా చేస్తుందనీ, ఎదురు చెప్పదనీ. నెల తిరక్కుండానే పెళ్లయింది. ఈ తల్లి తన బిడ్డను అట్లా పోనివ్వదలుచుకోలేదు.

అయినా ఇంటికొచ్చి విన్నది విన్నట్టు చెప్పింది. "తల్లే చెప్పినంక ఇంకేం గావాలె, రాయి!" అన్నాడు వీరేందర్. రాసింది. అవునని టిక్కు పెట్టింది. అతను సంతకం చేశాడు. అప్పటి నుంచి ఏ తలుపు దగ్గరికి పోయినా, చివరికి తన వంటింటి గడపలో కూడా, ఆ పిల్ల నిలబడి చూస్తున్నట్టే ఉండేది. జమునకు భయమేసేది.

దసరా ముందు సకల జనుల సమ్మె జోరు మీద ఉంది. మానుకోటలో నడిరోడ్డు మీద వంటావార్పు. మగవాళ్లు మైకు పట్టుకున్నారు, ఆడవాళ్లు పొయ్యి పట్టుకున్నారు. ఉద్యమంలోనూ రొట్టెలు చేసే పని మనదే కదా అని నవ్వుకుంటూ జమున పిండి ముందు కూర్చుంది. పక్కన రొట్టె కాలుస్తున్న మనిషి తలెత్తింది. తుల్సీబాయి.

"నువ్వు గా సంబంధానికొచ్చిన బిడ్డవు గద!" అని చెయ్యి పట్టుకుంది. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. గప్పుడు నీకు అన్నీ అబద్ధాలు చెప్పిన. నా పిల్ల పట్టాల మొకం సుత చూడలే. పట్నంల నౌకరి వచ్చింది, పెండ్లి జేస్తే పోనియ్యరని గట్ల చెప్పిన. ఇంటికొచ్చిన దాన్ని మోసం జేసిన. గా పాపమే కొట్టింది. నౌకరి పోయింది. ఎవలో కేసున్నదని రాసిండ్రంట. ఏ పాపాత్ముడో!"

జమున చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. ముద్దను మళ్లీ పిసకసాగింది. తుల్సీబాయి ఆమెకు వేడి రొట్టె పెట్టి, తినమని బతిమాలింది.

మర్నాడు పొద్దున జమున తెల్లకాగితం తీసుకుంది. గార్ల రిపోర్టు తప్పు, అక్కడికి పోయింది నేను, ఎందుకొచ్చానో వాళ్లకు చెప్పలేదు, ఆ కేసు మాట అబద్ధం, మళ్లీ విచారించండి అని రాసి, అడుగున 'విచారణ చేసినవారు' అని తనే వేసి తన పేరు పెట్టింది. వీరేందర్ చదివి అదిరిపడ్డాడు.

"పిస్స లేసిందా? మన పని పోతది!"

"నీ పని. నేను ఇంట్లనే ఉంటగద" అంది జమున. కాగితం లాక్కోబోతే ఇవ్వలేదు. హైదరాబాద్ పోయే కొరియర్‌లో వేసింది.

బస్సుల్లేవు. రెండు ఆటోలు మారి, మిగతా దారి నడిచి తండా చేరేసరికి మధ్యాహ్నమైంది. తుల్సీబాయి సంబరంగా ఎదురొచ్చి నీళ్ల చెంబు చాచింది. వెనక గడపలో సంగీత నిలబడి ఉంది, ఈసారి నిజంగానే. గొంతు ఎండిపోతున్నా జమున చెంబు అందుకోలేదు.

"నీళ్లు తర్వాత ఇద్దువుగాని, అమ్మా. ఇయ్యాలనిపిస్తేనే" అంది. "గా పాపాత్మురాలిని నేనే."