పిల్లులకు తెగిన ఎండ

నేరేడుచర్లలో రైస్ మిల్లు వెనక సందులో ఉండే సరోజ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, నాలుగు నులక మంచాలు వాల్చి, వాటి మీద ఉతికిన పాత చీరలు పరిచేది. తర్వాత ఎండ వచ్చేది. వచ్చిన ఎండను అంచు పట్టుకుని, మడతలు లేకుండా లాగి, నాలుగు మంచాల మీదా సమానంగా పడేలా సర్దేది. అప్పుడు కూర్చుని వడియాలు పెట్టేది. చివరి మంచం మాత్రం చల్ల మిరపకాయలకు.

రెండేళ్ళ కిందట మిల్లువాళ్ళు సందు పక్కనే కొత్త గోదాము కట్టారు. అది తాటిచెట్టంత ఎత్తు లేచింది. సందులో ఉన్న పన్నెండు ఇళ్ళలో పదకొండింటికి ఎండ పోయింది. సరోజ వాకిట్లో ఎండ మాత్రం ఆ గోడను లెక్కచేయలేదు. పొద్దున వచ్చి పరుచుకునేది, సాయంత్రం దులిపి వదిలితే వెళ్ళేది. సందులోవాళ్ళు దీన్ని వింతగా ఏమీ అనుకోలేదు. ఒకరింట్లో బోరు నీళ్ళు తియ్యగా పడతాయి, పక్కింట్లో ఉప్పగా పడతాయి, ఇదీ అంతే అనుకున్నారు.

గోదాము లేచిన మొదటి వానాకాలంలో పక్కింటి మైసయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళు అదే మిల్లులో బస్తాలు మోసిన మనిషి. గోడలకు చెమ్మెక్కి, అతని భార్య పెంటమ్మకు ఆయాసం పట్టుకుంది.

“సరోజా, ఒక్క మంచమంత ఎండ కోసిస్తవా బిడ్డా? పెంటమ్మ కూసునేంత ఉంటే సాలు.”

“ఎండ తెగదు మామా,” అంది సరోజ. “కోస్తే మొత్తం ఖరాబైతది.”

ఆమె కోసి చూసింది లేదు. నాలుగు మంచాల్లో ఒకటి తగ్గితే వడియాలు ఎక్కడ ఆరబెట్టాలన్నదే అప్పటి ఆలోచన. మైసయ్య “గట్లనా” అని వెళ్ళిపోయాడు. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు, ఈమెను చెమ్మ లేని చోట ఉంచకపోతే మీ ఇష్టం అన్నాక, పెంటమ్మ హాలియాలో చెల్లెలి ఇంటికి పోయింది. మరదలి ఇంట్లో మగమనిషి ఎన్నాళ్ళని ఉంటాడు? మైసయ్య ఇక్కడే ఒక్కడూ వండుకుని తిన్నాడు. అప్పటినుంచి అతనికీ సరోజకూ గోడ మీదుగా కొత్తిమీర ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది.

పిల్లుల గొడవ మొదలైంది ఈ చలికాలంలో. ఏడు పిల్లులు. పొద్దున తొమ్మిదికల్లా ఎవరో పిలిచినట్టు గోడ దిగి వచ్చి మంచాల కింద, మంచాల మధ్య, వీలైతే మంచాల మీద పడుకునేవి. సరోజ ఓపిగ్గా దించేది, అవి అంతకంటే ఓపిగ్గా ఎక్కేవి.

ఒకరోజు కోదాడ నుంచి అరవింద్ ఫోన్ చేశాడు. సరోజ వడియాలన్నీ కొనేది అతని దుకాణమే.

“అక్కా, ప్యాకెట్లో పిల్లి వెంట్రుక వచ్చిందండీ. కస్టమర్ ఫోటో తీసి మరీ పంపాడు. ఈసారికి ఏదో సర్దిచెప్పాను. మళ్ళీ ఇట్లా అయితే ఇక మీ సరుకు తీసుకోవడం కుదరదు. పెళ్ళిళ్ళ ఆర్డరు ఉంది, ఇరవై రోజుల్లో కావాలి.”

అరవింద్ వద్దంటే సరోజకు మిగిలేది మిల్లులో ఊక ఎత్తే పని. పదేళ్ళు చేసి, దుమ్ముకు కళ్ళు వాచి, ఇక జన్మలో ఆ గేటు లోపలికి పోనని మానేసింది.

“రెండు దెబ్బలెయ్యి, అవే పోతయి,” అన్నాడు మొగుడు రవీందర్. అతను నేరేడుచర్లకూ మిర్యాలగూడకూ మధ్య షేరింగ్ ఆటో నడుపుతాడు.

“పిల్లిని కొడితే ఉసురు తగులుతది. నాతోని కాదు.”

బస్టాండు దగ్గర జ్యూసు బండివాడిని అడిగి సంచినిండా బత్తాయి తొక్కలు తెచ్చి గోడ పొడుగునా పరిచింది. ఆ వాసన పిల్లులకు పడదని ఎవరో చెప్పారు. నిజమే, రెండు రోజులు రాలేదు. మూడో రోజుకు తొక్కలు ఎండాయి, ఎండిన తొక్కల మీదే పడుకున్నాయి. కాఫీపొడి చల్లింది. పిల్లులు తుమ్మి పడుకున్నాయి. సీసాతో నీళ్ళు కొట్టింది. తడిసినవి వచ్చి, ఆరడానికి నేరుగా మంచమే ఎక్కాయి. మంచాల మీద కోళ్ళ జాలీ కట్టింది. జాలీ మీద పడుకున్నాయి, వెంట్రుకలు కిందికి రాలాయి.

చివరికి రవీందర్ ఏడింటినీ గంపలో పెట్టి, పైన వల కట్టి, హాలియా దాకా తీసుకుపోయి కాలువ గట్టు మీద వదిలి వచ్చాడు.

“హాలియాల పెంటమ్మత్త కనపడ్డది,” అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. “గంపను సూసి ఒకటే నవ్వు. మీ వాకిట్ల ఎండ మంచిగున్నదా అని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“మంచిగనే ఉన్నదన్న. ఇంకేమంట?”

సరోజ లోపలికి పోయింది. నాలుగో రోజు పిల్లులు తిరిగి వచ్చాయి. నడిచే వచ్చినట్టున్నాయి, కాళ్ళకు కాలువ మట్టి ఉంది.

అప్పటికి పెళ్ళిళ్ళ ఆర్డరుకు పది రోజులే మిగిలాయి. ఆ పూట సరోజ పెరుగు గిన్నె మంచం మీదే మరిచిపోయి, ఎండ వంకరగా పడిందని దాన్ని అటు పక్కకు జరిపింది. ఏడు పిల్లులూ లేచాయి. పెరుగు గిన్నె పక్కనుంచే, కనీసం మూతి కూడా పెట్టకుండా నడిచి, ఎండ జరిగిన చోటికి పోయి పడుకున్నాయి. ఆమె మళ్ళీ ఇటు లాగింది. అవి మళ్ళీ ఇటు వచ్చాయి. వాటికి పెరుగూ వద్దు, వడియాలూ వద్దు. సందు మొత్తంలో వెచ్చగా ఉన్నది ఈ ఒక్క చోటే.

అయితే వాటికి వేరే ఎండ కావాలి. సరోజ చివరి మంచం మీది ఎండ అంచును పంటితో కొరికి, చీర పేలిక చింపినట్టు చింపింది. తిన్నగా తెగింది. చిరుగు దగ్గర ఒక్క పోగు కూడా లేవలేదు.

ముక్కను మడిచి చేతి మీద వేసుకుంది. సందు చివర వేద్దామంటే వడ్ల ట్రాక్టర్లు తిరిగే దారి, పిల్లులు చక్రాల కింద పడతాయి. మిల్లు గేటు దగ్గర కుక్కలున్నాయి. ఎవరూ కదిలించని, ఎవరూ తొక్కని వాకిలి ఒక్కటే ఉంది. అక్కడికి పోవడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. అయినా పోయింది. పిల్లులు వరసగా వెనక నడిచాయి.

“మామా, జర ఒక మాట.”

మైసయ్య తలుపు తీసి నిలబడ్డాడు. “ఏంది బిడ్డా?”

“పిల్లులతోని మస్తు పరేషానైతున్న. ఎండ ఏడుంటే అవి ఆడికే వస్తున్నయి. ఈ ముక్క నీ వాకిట్ల ఏస్తే ఈడనే ఉంటయి. నీకు ఇబ్బంది లేకుంటేనే.”

అతను ఆమె చేతి మీది ఎండను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

“పిల్లులకైతే తెగిందా?”

అందులో కోపం లేదు. ధర అడిగినట్టు అడిగాడు. తిట్టినా బాగుండేదని సరోజకు అనిపించింది.

“అప్పుడు కోసి సూడలేదు మామా. నా మంచాలు తక్కువైతయని భయమైంది. తెగదని అబద్ధం చెప్పిన.”

ఒక పిల్లి మైసయ్య కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయి, చెమ్మకు తుమ్మి బయటికి వచ్చింది. అతను రెండేళ్ళుగా గోడకు నిలబెట్టి ఉన్న మంచాన్ని తెచ్చి వాకిట్లో వాల్చాడు.

“ఈడ ఎయ్యి. గోడకు గూడ జర తగలనియ్.”

మర్నాడు సరోజ మూడు మంచాలే వాల్చింది. ఎండ వచ్చింది. అంచు పట్టుకుని లాగితే మూడు మంచాలూ నిండి, ఇంకా మడతలు మిగిలాయి. ఆమె నాలుగో మంచం తెచ్చి వేసింది. అదీ నిండింది. గోడ మీదుగా తొంగి చూస్తే పక్క వాకిట్లో ముక్క కూడా వచ్చి ఉంది, దాని మీద ఏడు పిల్లులున్నాయి.

నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు కూడా తగ్గలేదు. రెండేళ్ళ కిందట కోసి ఇచ్చినా తగ్గేది కాదు. పెంటమ్మ ఒక్క పూట కూడా హాలియాలో ఉండే పని పడేది కాదు, ఈ ముసలాయన ఒంటరిగా గంజి కాచుకునే పని పడేది కాదు. సరోజ గడప మీద కూర్చుని, పిండి కలిపిన చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

తర్వాత లేచి చేతులు కడుక్కుని వడియాలు పెట్టింది. ఆర్డరు రెండు రోజుల ముందే కోదాడ చేరింది. ఒక్క వెంట్రుక రాలేదని అరవింద్ ఫోన్ చేసి చెప్పాడు.

మైసయ్య ఇంటి గోడలు ఆరడానికి పదిహేను రోజులు పట్టింది. ఆరాక సున్నం వేశాడు. ఆ వచ్చిన ఆదివారం రవీందర్ ఆటోలోనే మైసయ్య పోయి పెంటమ్మను తీసుకొచ్చాడు. ఆమె ఇంట్లోకి కూడా పోకుండా సంచి కింద పెట్టి, పిల్లుల్ని “జరుగుండ్రి, జరుగుండ్రి” అంటూ మంచం మీద కూర్చుంది. కాసేపటికి గోడ మీదుగా పిలిచింది.

“సరోజా! ఇట్లని తెలిస్తే అప్పుడు మీ మామను గాదే, ఒక పిల్లిని పంపుదును గద అడగనీకి!”

అని నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, కానీ కొంచెంలోనే ఆగింది. సరోజకు నవ్వు రాలేదు. “తప్పైంది అత్తా,” అంది. పెంటమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని వీపు ఎండకు పెట్టింది.

సరోజ తన వాకిట్లోకి వచ్చి, ఎండ అంచు పట్టుకుని మంచమంత ముక్క చింపింది. సందులో ఇంకా పది ఇళ్ళున్నాయి. ముక్కను చేతి మీద వేసుకుని పోయి ఎదురింటి తలుపు కొట్టింది.

“ఎవరూ?” అన్నారు లోపల్నుంచి.

“నేనే, సరోజను. ఎండ తెచ్చిన. పిల్లులు గూడ వస్తయి.”