అన్ని వరుసలూ ఒకే ఎత్తు

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులోని జన్యు పరీక్షల ల్యాబులో కళ్ళజోడు గారంటే ఒక్కరే. దగ్గరి చూపుకొకటి, దూరపు చూపుకొకటి, రెండు జోళ్ళు మెడలో వేలాడేసుకుని తిరిగే ఆ మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మంగళవారం పొద్దున కంప్యూటరు తెరిచి గ్రాఫులు చూడగానే, "ఎవరు చేశారీ నిర్వాకం?" అని ఆయన అరిచిన అరుపుకు పక్క గదిలో రక్తపు గొట్టాలు సర్దుతున్నవాళ్ళు కూడా తలలెత్తారు.

నిర్వాకం చేసింది ప్రోగ్రామరమ్మాయి. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేరును ముందురోజు సాయంత్రమే మార్చింది. చేతిలో టీ కప్పుతో తాపీగా వచ్చి ఆయన వెనక నిలబడింది.

"ఇదేంటమ్మాయ్? నిన్నటిదాకా వరుసలన్నీ నిండుగా ఉండేవి. ఇవాళ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి! ఈ బొమ్మలు డాక్టర్లకు పంపితే నా పరువేం కాను?"

"పరువు సంగతి తర్వాత బాబాయ్. ముందు ఊపిరి పీల్చుకోండి."

బొమ్మల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. పనేమో చెప్పుకోవడానికి చిన్నదే. యంత్రం మనిషి జన్యువులను చదువుతుంది. ఏ చోటును ఎన్నిసార్లు చదివిందో గ్రాఫు చూపిస్తుంది. పై వరుస ఆరోగ్యంగా ఉన్న మనిషిది, కింది వరుస పరీక్షకు వచ్చిన మనిషిది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, జన్యువుకు రెండు ప్రతులుంటాయి. రెండూ ఉంటే యంత్రం ఆ చోటును అరవైసార్లు చదువుతుంది, ఒకటి లేకపోతే ముప్పైసార్లే. చిన్నచిన్న తేడాలను ప్రోగ్రాము తనే పట్టేస్తుంది. ఒక ప్రతి మొత్తానికే లేకుండా పోతే మాత్రం ఈ ల్యాబులో కంటితో చూసి చెప్పాల్సిందే. ఆ కన్ను కళ్ళజోడు గారిది.

రెండేళ్ళ కిందట ఎవరో డాక్టరు "వరుసలు మరీ పొట్టిగా ఉన్నాయి, కనబడి చావట్లేదు" అన్నాడట. అంతే, ఈయన ఆటో స్కేలు అనే గడిలో టిక్కు పెట్టేశాడు. వరుసలు పెట్టె నిండా లేచి నిలబడ్డాయి. పక్కనున్న అంకెలు అంచు గీతకు తగులుతున్నాయని వాటినీ తీసేశాడు. బొమ్మ కడిగిన ముత్యంలా తయారైంది. అందరూ మెచ్చుకున్నారు. ఇంకేం కావాలి మనిషికి?

"ఆ టిక్కు పెడితే ఏమవుతుందో తెలుసా బాబాయ్?" అంది అమ్మాయి. "ఒక్కో వరుస దాని కొలత అదే పెట్టుకుంటుంది. అరవై ఉన్నా పెట్టె నిండుతుంది, ముప్పై ఉన్నా నిండుతుంది. అందుకే తీసేశా. ఇప్పుడు రెండు వరుసలకీ ఒకటే కొలత."

"నాకు పాతదే కావాలి."

"సరే. పాత ఫైలొకటి తెరవండి. చూశాక కూడా పాతదే కావాలంటే ఇచ్చేస్తా."

ఆయన పంతానికి పోయి, శుక్రవారం పంపిన రిపోర్టు తాలూకు ఫైలు తెరిచాడు. ఈ మధ్య తను గీసినవాటిలో అదే అందమైనదని ఆయన నమ్మకం. పై వరుస పెట్టె నిండా ఉంది. కింది వరుస సగానికి ఆగిపోయింది.

"చూశావా? నీ సాఫ్ట్‌వేరు తగలడ్డట్టుంది. ఇది సగమే గీసింది."

అమ్మాయి నవ్వలేదు. టీ కప్పు పక్కన పెట్టి, అంకెలు పైకి తెచ్చింది. పైన అరవై. కింద ముప్పై.

"శాంపిలే పలచగా ఉందేమో," అన్నాడాయన. గొంతు అప్పటికే తగ్గింది. పక్క జన్యువు దగ్గరికి తనే జరిపి చూశాడు. అక్కడ రెండు వరుసలూ అరవై. ఇంకో జన్యువు. అక్కడా అరవై. మళ్ళీ మొదటి చోటికి వచ్చాడు. ముప్పై.

ఆ రిపోర్టు ఎవరిదో ఆయనకు బాగా గుర్తు. ఒకావిడకు కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగి రెండూ పాడయ్యాయి. అది వాళ్ళ వంశంలో వచ్చే జబ్బు. తమ్ముడు తన కిడ్నీ ఇస్తానన్నాడు. ఆ జబ్బు తెచ్చే లోపం అతనిలో లేదని తేలితేనే తీసుకుంటారు. లేదని సంతకం పెట్టింది కళ్ళజోడు గారే. గురువారం ఆపరేషను.

"అయ్యయ్యో! ఎంత పని చేశానే!" అని కుర్చీలో కూలబడ్డాడు. అక్కకు పోయేది రేపోమాపో పాడయ్యే కిడ్నీ. తమ్ముడికి మిగిలేదీ అలాంటిదే, అదీ ఒక్కటి. ఇద్దరినీ ఒకే సంతకంతో ముంచేవాడు.

తప్పంతా పాత సాఫ్ట్‌వేరు మీదికి నెట్టేయొచ్చు కదా అన్న ఆలోచన కూడా రాకపోలేదు. మనిషే కదా, వచ్చింది. ఫోను చేతిలోకి తీసుకుని రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. తర్వాత కిడ్నీ డాక్టరుకు కలిపాడు.

"డాక్టరుగారూ, గురువారం ఆపరేషను ఆపేయండి. ఆ తమ్ముడి రిపోర్టు తప్పు. తప్పు నాది."

"ఎవరిదో తర్వాత తేల్చుకుందాం. అబ్బాయిని పిలిపించి రక్తం మళ్ళీ తీయిస్తాను. వేరే పద్ధతిలో చూడండి," అన్నాడు డాక్టరు.

బుధవారం సాయంత్రానికి తేలిపోయింది. ఒక ప్రతి లేదు. కిడ్నీలకు తీసిన స్కానులో కూడా, ఇంతకుముందు పట్టించుకోకుండా వదిలేసిన రెండు చిన్న చుక్కలు కనిపించాయి.

గురువారం పొద్దున డాక్టరు గదికి కళ్ళజోడు గారు తనంతట తనే వెళ్ళాడు. అక్కడ కూర్చున్న తమ్ముడికి ముప్పై ఏళ్ళుంటాయి. డాక్టరు చెప్పిందంతా విని, "అంటే నాకూ అంతేనా?" అని ఒక్కమాట అడిగాడు. తర్వాత ఈయన వైపు తిరిగి, "మా అక్కకు చెప్పకండి సార్. భయపడి వెనక్కి తగ్గానని నేనే చెప్పుకుంటా. నాకూ ఉందని తెలిస్తే అది తట్టుకోలేదు," అన్నాడు. కళ్ళజోడు గారు తలూపాడు.

అక్క బయట వరండాలో బెంచీ మీద ఉంది. తమ్ముడు వెళ్ళి, నేల చూపులు చూస్తూ, "భయమేస్తోందక్కా. నావల్ల కాదు," అన్నాడు. ఆవిడ కాసేపు వాడినే చూసి, "సరేలేరా. భయమేస్తే ఎలా ఇస్తావు," అంది మెల్లగా. వాడు ఇక అక్కడ నిలబడలేక మెట్ల వైపు వెళ్ళిపోయాడు. ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుంది.

కళ్ళజోడు గారు చూస్తూ ఊరుకోలేకపోయాడు. తలూపిన మాట నిజమే, ఊరుకోవాల్సిన మాటా నిజమే. అయినా పోయి బెంచీ చివర కూర్చున్నాడు.

"మీ తమ్ముడు భయపడలేదమ్మా. ల్యాబులో రిపోర్టు రాసింది నేను. అది తప్పు రాశాను."

ఇంకొక్క మాట కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. ఆవిడ కొంగు దించి ఆయన ముఖంలోకి చూసింది.

"వాడికీ ఉందా?"

ఆయన తల వంచుకున్నాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టాలనీ అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, నాలుగు అడుగులకు ఒకసారి ఆగుతూ మెట్ల దాకా నడిచింది. తమ్ముడు రెండో మెట్టు మీద, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్ చిన్నోడా, నీకు అబద్ధం చెప్పడం ఎప్పటికొస్తుందిరా?" అంది. "లే. ఇకమీదట ఇద్దరికీ ఒకటే డాక్టరు. ఇన్నాళ్ళూ లైనులో ఒక్కదాన్నే నిలబడి చచ్చాను, తోడు దొరికావు."

వాడు లేవలేదు. ఆవిడే కూర్చుంది.